తొమ్మిదిలోగా

ఆ వీధిలో అందరూ ఆమెని కాజాలక్క అనేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆమె అక్కే. అసలు పేరు కావాలంటే పోస్టుమాన్ సైతం కవరు తిప్పి చూసుకోవాల్సిందే. టైలరు బాబాయి కొట్లో గుమ్మం పక్కన, వెలుతురు బాగా పడేచోట, ఒక పొట్టి స్టూలు ఉండేది. పొద్దున్న తొమ్మిదికి దాని మీద కూర్చుందంటే సాయంత్రం దీపం వేసేదాకా లేచేది కాదు. బాబాయి మెషీను మీద కుట్టి పడేసిన చొక్కాలు ఒక్కొక్కటే ఒళ్ళోకి లాక్కుని, సుద్దతో గుర్తు పెట్టి, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, ఆ గాటు చుట్టూ దారంతో గట్టు కట్టినట్టు కుట్టేది. అలా ఒక్కో చొక్కాకి ఏడు కాజాలు, ఏడు గుండీలు. పాతికేళ్ళుగా అదే పని. "మా అక్క కుట్టిన కాజా చొక్కా చిరిగిపోయినా చిరగదు" అని ఆమె తమ్ముడు ఊరంతా చెప్పుకు తిరిగేవాడు.

తమ్ముడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. అప్పటికి ఆమెకి పద్నాలుగు. ఏడో తరగతి మధ్యలో పుస్తకాలు మూసేసి సూది పట్టుకుంది. వాడికి తల దువ్వింది, లెక్కలు రాకపోతే చెవి మెలిపెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు వాడొక దారిన పడనీ" అనేది. వాడు దారిన పడేసరికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. దాని గురించి ఆమె ఎన్నడూ బాధపడినట్టు కనిపించలేదు. వాడు ప్రెస్సులో బైండరుగా చేరాడు. సాయంత్రం ఇంటికొస్తే వాడి చేతులకి జిగురు వాసన, ఆమె చేతులకి కొత్త గుడ్డ వాసన. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే స్టవ్వు మీద వండుకుని, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ తినేవారు. వాడు ఆమెని కాజాల కలెక్టరుగారూ అనేవాడు. ఆమె వాడిని అట్టముక్క అనేది.

వాడికి ముప్ఫయ్యో ఏట మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు. రైల్లో ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో పడక దొరికింది. అక్కడికి నాలుగు భాషల మనుషులు వస్తారు. అందుకని కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆపరేషనుకి వరస వచ్చేదాకా అక్కడే ఉండమన్నారు. ఆమె ఒకసారి వెళ్ళి రెండు రోజులుండి వచ్చింది. వారానికో ఉత్తరం రాసేవాడు. "ఇక్కడ నర్సులు నా చొక్కా కాజాలు చూసి ముచ్చటపడుతున్నారు. నన్ను మాత్రం ఎవరూ చూడటం లేదు" అని ఒక ఉత్తరంలో రాశాడు. ఆమె దాన్ని బాబాయికి చదివి వినిపించి, నవ్వు ఆపుకోలేక సూది కిందపడేసుకుంది.

నాలుగో తారీఖు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. లోపల సైక్లోస్టైలు కాగితం, ఖాళీల్లో సిరాతో తమ్ముడి పేరు, ఒక తేదీ. ఆమెకి అక్షరాలు తెలుసుగాని అర్థం తెలీదు. ఆ సమయానికి బ్యాంకులో పనిచేసే ఒకాయన పాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతికిచ్చింది.

"ఆపరేషను చేస్తారటమ్మా. మీవాళ్ళొకరు తొమ్మిదో తారీఖుకి రావాలట."

"తొమ్మిదికేనా అండీ?"

"తొమ్మిదికే. ఇదిగో, బై నైన్త్ అని రాశారుగా."

ఆయన కాగితం మడిచి ఇచ్చి, పాంటు ఎప్పటికవుతుందని బాబాయిని అడిగాడు.

కొట్లో అప్పుడు స్కూలు చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. ఎనిమిదో తారీఖు సాయంత్రానికి అప్పగించాలి. ఇంకా అరవై చొక్కాలకి కాజాలు లేవు. బాబాయి ఆ గుట్ట వంక చూసి, ఆమె వంక చూసి, మొహమాటంగా అడిగాడు.

"రేపే బయల్దేరతావా అమ్మాయ్?"

"తొమ్మిదికి రమ్మన్నారుగా బాబాయ్. ముందే వెళ్ళి ఆ వరండాలో ఏం చేస్తాను? ఎనిమిది సాయంత్రం బండెక్కితే తెల్లారి దిగుతా. ఈలోపు నీ చొక్కాలు అవగొడతా."

బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరిని ఆయన తర్వాత చాలా ఏళ్ళు గుర్తుచేసుకున్నాడు.

ఎనిమిదిన నాలుగింటికి చివరి గుండీ కుట్టింది. తమ్ముడి కోసం కుట్టించిన కొత్త చొక్కా సంచిలో పెట్టుకుని బండెక్కింది. బండి గంట ఆలస్యంగా చేరింది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదకొండు. వార్డులో కిటికీ పక్క పడక ఖాళీగా ఉంది. దుప్పటి అప్పుడే మార్చినట్టు మడతలు కనిపిస్తున్నాయి.

"ఎవరికోసం?" అంది నర్సు. ఆమె చెప్పింది. నర్సు చేతిలో ట్రే పక్కన పెట్టింది.

"ఎనిమిదింటికే తీసుకెళ్ళారమ్మా. ఇంకా లోపలే ఉన్నాడు. నువ్వు నిన్నే వస్తావనుకున్నాడు, మొన్నే వస్తావనుకున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, తలెత్తేవాడు."

"తొమ్మిదికి రమ్మన్నారు సిస్టర్."

"కూర్చో. నీకు టీ తెప్పిస్తా."

"వద్దు సిస్టర్."

"వద్దనకు. మీ తమ్ముడే చెప్పి వెళ్ళాడు. మా అక్క వస్తే కసరకండి, బండి ఆలస్యమై ఉంటుంది, పొద్దున్నుంచి ఏమీ తిని ఉండదు, ముందు టీ ఇప్పించండి అన్నాడు."

ఆమె వరండా బల్ల మీద కూర్చుని ఆ టీ తాగింది. తాగుతూ, లోపలున్న వాడికి బయట ఉన్న తన ఆకలి తెలిసిందేమిటా అని లోపల్లోపల మురిసిపోయింది కూడా. ఒంటిగంటన్నరకి ఒక డాక్టరు మాస్కు గడ్డం కిందకి లాక్కుంటూ వచ్చాడు. ఆయన నోరు విప్పకముందే ఆమెకి తెలిసిపోయింది.

పదిమందీ పరామర్శకి చేరినప్పుడు పెదనాన్న కొడుకు వచ్చాడు. వాళ్ళ కుటుంబంలో కాలేజీ గడప తొక్కినవాడు ఆయనొక్కడే. ఏదో స్కూల్లో గుమాస్తా. ఆ కాగితం ఏదీ అన్నాడు. చదివాడు. చదివి, అందరూ వినేలా అన్నాడు.

"బై నైన్త్ అంటే తొమ్మిదిలోగా అని కదే. తొమ్మిదిన వెళ్తే ఏం లాభం? ఈ మాత్రం ముక్క ఎవరినైనా సరిగ్గా అడిగి తెలుసుకోకపోయావా?"

ఆయన చెడ్డవాడేం కాదు. తమ్ముడంటే ఆయనకీ ప్రాణమే. బాధలో అన్నాడు, అని మర్చిపోయి ఉంటాడు కూడా. కానీ ఆ మాట ఆమె గుండెలో దిగిపోయింది. లోగా. తొమ్మిదిలోగా. కాజా కుడుతున్నా అదే, నీళ్ళు పట్టుకుంటున్నా అదే. రెండక్షరాల ఇంగ్లీషు ముక్క తెలియక తమ్ముడిని మూడు రోజులు తలుపు వంక చూసేలా చేశాను అనుకునేది. కళ్ళు మూసుకుంటే తలెత్తి చూస్తున్న మొహమే. తలుపు తీసుకుని ఎవరో ఒకరు వస్తారు, అది తను కాదు.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక సాయంత్రం సైకిలు షాపు పైనున్న గదికి మెట్లెక్కి వెళ్ళింది. అక్కడ గ్రామరు మాస్టారు ఆరింటి నుంచి ఏడింటిదాకా పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి మానుకున్న మనిషి. కుడిచేతి వేళ్ళు ఊరుకున్నప్పుడు కూడా బల్ల మీద ఏదో టైపు చేస్తున్నట్టే కదిలేవి. గదిలో రెండు పొడుగు బల్లలు, ఒక నల్లబోర్డు. ఉద్యోగం పరీక్షలకి చదివేవాళ్ళు నలుగురైదుగురు, ఒక మందుల షాపు ఆయన, ఇద్దరు టెలిఫోను అమ్మాయిలు.

"ఏ స్థాయి దాకా చదువుకున్నావమ్మా?"

"ఏడు సగం మాస్టారూ. నాకు ఇంగ్లీషంతా వద్దు."

"మరి?"

"తారీఖులకీ, గంటలకీ ముందు చిన్న మాటలుంటాయి గదా. అవి చాలు."

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. "కూర్చో" అన్నారు.

ఆయన చెప్పే పద్ధతి వేరు. పుస్తకం తెరిచేవారు కాదు. "మన భాషలో మాట వెనకాల తోక ఉంటుంది, వాళ్ళ భాషలో మాట ముందు కొమ్ము ఉంటుంది, అంతే తేడా" అనేవారు. ఐదింటికి అంటే ఎట్, శుక్రవారం నాడు అంటే ఆన్, వేసవిలో అంటే ఇన్, ఆదివారం దాకా అంటే అంటిల్. "గంటకి ఎట్. రోజుకి ఆన్. నెలకీ ఏడాదికీ ఇన్. చిన్నది, నడిమిది, పెద్దది. మూడు డబ్బాలు, మూత తప్పు పెట్టకండి" అని బోర్డు మీద గీసేవారు.

"మాస్టారూ, పొద్దున్న అనేది రోజుకంటే చిన్నదే గదా, మరి ఇన్ ది మార్నింగ్ ఎందుకు?" అని ఆమే అడిగింది ఒకరోజు.

"అలా అడక్కూడదు తల్లీ. రాత్రిని అడుగు. దానికి ఎట్ ఎందుకొచ్చిందో అదీ చెప్పదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత అదే మొదటి నవ్వు. ఇంటికెళ్ళే దారిలో ఆ సంగతి గుర్తొచ్చి, ఏదో తప్పు చేసినట్టు తలొంచుకుని నడిచింది.

ఆ వారం ఇంకో సంగతి చెప్పారు. "ఇంగ్లీషువాడు ఇన్ టూ డేస్ వస్తానంటే, మనం రెండు రోజుల్లో అనుకుని మర్నాడే గుమ్మంలో నిలబడకూడదు. రెండు రోజులు అయ్యాకే వస్తాడు." మందుల షాపు ఆయన, "అందుకేనా మా సరుకు ఎప్పుడూ ఆలస్యం" అన్నాడు. ఇంకోరోజు సిన్స్, ఫర్ వచ్చాయి. మనం రెండింటికీ నుంచి అనే అంటాం. సోమవారం నుంచి, మూడేళ్ళ నుంచి. వాళ్ళకి మొదలు వేరు, పొడుగు వేరు. అందరినీ తలా ఒక వాక్యం చెప్పమన్నారు. ఆమె వంతు రాగానే లేచి నిలబడింది. నోట్లో వాక్యం తయారుగానే ఉంది. చెప్పలేక కూర్చుంది. మాస్టారు పక్కవాళ్ళని అడిగారు, ఎందుకని ఆరా తీయలేదు.

అలా ఏడాదిన్నర వెళ్ళింది. చిన్న మాటలే అంటూ చేరిన మనిషి చిన్న ఉత్తరం చదివి అర్థం చేసుకునేదాకా వచ్చింది. బై మాత్రం అప్పటికి రాలేదు. వచ్చిన రోజున మాస్టారు బోర్డు మీద ఒక గీత గీసి, చివర ఒక చుక్క పెట్టారు.

"బై ఫ్రైడే అంటే శుక్రవారానికల్లా. ఆ పని గురువారం చేసినా సరే, శుక్రవారం చేసినా సరే. శనివారం చేస్తే తప్పు."

ఆమె చెయ్యెత్తింది. "శుక్రవారం కూడా కలుస్తుందా మాస్టారూ?"

"కలుస్తుంది."

"శుక్రవారం మధ్యాహ్నం వెళ్తే?"

"రోజు ఇంకా అయిపోలేదుగా, సరైనట్టే. శుక్రవారం కలవకూడదంటే బిఫోర్ అనాలి. మనం లోగా అంటాం చూడు, అదే చిక్కు. శుక్రవారంలోగా అంటే శుక్రవారం ఉందా లేదా అని పదిమందిని అడుగు, అయిదుగురు ఉందంటారు, అయిదుగురు లేదంటారు."

ఆమె ఇంకేం అడగలేదు. మర్నాడు క్లాసు అయ్యాక అందరూ మెట్లు దిగేదాకా ఆగి, సంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చిరుగుతుంటే వెనకనుంచి పల్చటి గుడ్డ అతికించుకుంది. మాస్టారు కళ్ళద్దాలు సరిచేసుకుని చదివారు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఏడవలేదు, కాజాలు ఎన్ని మిగిలాయో కూడా లెక్కచెప్పినట్టు చెప్పింది.

ఆయన ఆ తారీఖు ముందున్న మాట మీద వేలు పెట్టి ఇంకోసారి చదివారు. తర్వాత మెల్లగా అన్నారు. "నువ్వు తప్పు చదవలేదమ్మా. ఆ బ్యాంకాయనా తప్పు చదవలేదు. బై నైన్త్ అని రాస్తే తొమ్మిదిన వెళ్ళడం తప్పు కాదు. పొద్దున ఎనిమిదింటికి ఆపరేషను పెట్టుకుని ఈ మాట రాయడం తప్పు. వాళ్ళు బిఫోర్ అని రాయాలి."

ఆ మాట వింటే ఆమె గుండె మీద బరువు దిగుతుందనుకున్నారు పాపం. ఆమె మొహం పాలిపోయింది.

"అంటే నాది తప్పు కాదా?"

"కాదమ్మా."

"రెండేళ్ళుగా నాదే అనుకుంటున్నాను మాస్టారూ. నాదైతే ఎలాగో మోసేదాన్ని. ఇప్పుడు దాన్నెక్కడ పెట్టను?"

ఆమె తనలో తను అనుకున్నట్టుగా మళ్ళీ అంది. "అయినా ఆ కాగితం నాలుగునే వచ్చింది. ఏ మాట రాసి ఉంటే మాత్రం ఏం, ఆ సాయంత్రమే బండెక్కి ఉండొచ్చు గదా. నేనే చొక్కాల దగ్గర కూర్చున్నాను."

"బతుకు గడవాలి గదమ్మా."

"ఆఁ. అదే."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పెదనాన్న కొడుక్కి మాత్రం ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే ఆయన బాధపడతాడు, దాంతో తమ్ముడు రాడు.

వారం పోయాక ఆమె మాస్టారి ముందు ఒక తెల్లకాగితం పెట్టింది. తనే రాసిన ఇంగ్లీషు. బై కొట్టేసి బిఫోర్. దాని కింద రెండు వాక్యాలు. ఆపరేషను ఉదయం ఎనిమిదింటికి మొదలవుతుంది. ముందురోజు సాయంత్రం ఏడింటిదాకా రోగిని చూడవచ్చు. ఎట్ ఎయిట్ ఇన్ ది మార్నింగ్, అంటిల్ సెవెన్ ఇన్ ది ఈవినింగ్. మాస్టారు రెండుసార్లు చదివి, ఒకచోట ది అనే మాట చేర్చి, ఇంకేమీ ముట్టుకోకుండా తిరిగిచ్చారు.

"ఇదేం చేస్తావమ్మా?"

"అక్కడికి తీసుకెళ్తా. ఆ కాగితం ఇంకా అలాగే పంపుతున్నారేమో చూస్తా."

అలాగే పంపుతున్నారు. ఆసుపత్రి ఆఫీసులో ఆఫీసరు ఆమె చెప్పింది సగం విని, "కాగితంలో మాట మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలమ్మా. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలేదే" అని ఫైల్లో తలదూర్చాడు. ఎవరూ ఏమీ అనలేదన్నది నిజమే అయ్యుంటుంది. అనాల్సినవాళ్ళు ఆ వరండాలోనే మాట పోగొట్టుకుని ఇళ్ళకెళ్ళి ఉంటారు.

ఆమె కదలకుండా నిలబడి ఉంటే పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్న ఆవిడ లేచి వచ్చింది. జుట్టు సగం నెరిసిన మనిషి. ఆ పాత కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇది అచ్చు కొట్టినప్పుడు ఆపరేషన్లు మధ్యాహ్నాలు జరిగేవి. పొద్దుటికి మార్చారు. కాగితం మార్చడం ఎవరికీ తోచలేదు." ఆవిడ వేలు తేదీ మీద ఆగింది. "ఈ తొమ్మిది నేను వేసిందే. నా తొమ్మిదికి తోక ఇలాగే వంకరగా ఉంటుంది. రోజుకి పది నింపుతానమ్మా. ఇది ఎవరిదో నాకు గుర్తులేదు."

కాజాలక్క ఆవిడ మొహంలోకి చూసింది. తప్పు కాగితానిదని మాస్టారు చెప్పినప్పట్నుంచి, అది రాసిన మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే ఏమంటానో అని అనుకోని రోజు లేదు. ఇప్పుడు ఎదురుపడితే, టైపు కొట్టి కొట్టి వాచిన వేళ్ళు కనిపించాయి.

"గుర్తుండదులెండి. నాకూ ఏ చొక్కా ఎవరిదో గుర్తుండదు" అంది.

టైపిస్టమ్మ ఆఫీసరు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అచ్చు మార్చడానికి అనుమతి కావాలి. చేత్తో దిద్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బీరువాలో ఇంకా మూడొందల పైచిలుకు కాగితాలున్నాయి. నేనొక్కదాన్నీ దిద్దలేను."

"నేను దిద్దుతా. నాకు చిన్న పని అలవాటే."

మూడు రోజులు ఆ వరండా బల్ల మీద కూర్చుని దిద్దింది. ఆమె అడిగి మరీ అదే బల్ల ఎంచుకుందో, ఖాళీగా ఉందని కూర్చుందో ఎవరికీ తెలీదు. ఒక్కో కాగితం మీద బై కొట్టేసి, పైన బిఫోర్ రాసి, అడుగున రెండు వాక్యాలు. చెయ్యి నొప్పెడితే వేళ్ళు విదిలించి మళ్ళీ మొదలుపెట్టేది. దారినపోయేవాళ్ళు ఆమెని ఆఫీసు మనిషనుకుని ఎక్స్‌రే గది ఎటు అని అడిగేవారు. రెండో రోజుకి ఆమెకి దారులన్నీ తెలిసిపోయాయి. ఆర్నెల్ల తర్వాత కొత్త కాగితాలు అచ్చయినప్పుడు ఆ మాటలే పెట్టారని టైపిస్టమ్మ కార్డు రాసింది. కానీ అప్పటికి అవేవీ ఖాయం కాదు. ఉన్నవి ఆ మూడొందల కాగితాలే.

మూడో రోజు నాలుగింటికి పని అయిపోయింది. టైపిస్టమ్మ కాగితాలు సర్దుకుంటూ, "వార్డుకి వెళ్ళి చూస్తావా?" అని అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. కాసేపాగి తనే లేచి వెళ్ళింది.

కిటికీ పక్క పడక మీద నలభై దాటిన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బస్సు డ్రైవరట. మర్నాడే ఆపరేషను. మనిషి అలికిడి వినగానే తలెత్తి చూసి, తనవాళ్ళు కాదని తెలిశాక దించేసుకున్నాడు. ఆ దించుకోవడం చూసి ఆమె పడక దగ్గరికి వెళ్ళింది.

"మీవాళ్ళు రాలేదా?" అంది.

"మా ఆవిడ రేపొస్తుందమ్మా. కాగితంలో రేపటి తారీఖే వేశారు." అది దిద్దకముందు పంపిన కాగితం. "రేపు తను వచ్చేసరికి నేను లోపలుంటానని సిస్టరు ఇందాకే చెప్పింది."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

కాసేపు అవీ ఇవీ చెప్పాడు. ఏ దారిలో ఎన్ని మలుపులో, వానొస్తే ఏ వంతెన మీద చక్రం జారుతుందో. మాటల మధ్య చేతులు స్టీరింగు తిప్పేవి. తర్వాత మాటలు అయిపోయాయి. "మా ఆవిడ ఉంటే ఈపాటికి నాలుగు తిట్లు తిట్టేది. తిట్లు లేక ఏమీ తోచటం లేదు" అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నన్ను తిట్టమంటారా?"

"ఊఁ. ఒకటి తిట్టమ్మా."

"బుద్ధిలేదూ నీకు? ఆపరేషను పెట్టుకుని ఇన్ని కబుర్లేమిటి? పడుకో ముందు. దుప్పటి సరిగ్గా కప్పుకో."

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. రెండేళ్ళుగా ఎవరిమీదా వాడని గొంతు. డ్రైవరు చిన్నపిల్లాడిలా దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. కాసేపటికి అతని కళ్ళు మూతపడ్డాయి. ఏడింటికి గంట కొట్టేదాకా ఆమె అలాగే కూర్చుంది. ఆ సాయంత్రం బండి వెళ్ళిపోయింది.

మర్నాడు పదిన్నరకి డ్రైవరు భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. కాజాలక్క మెట్ల దగ్గరే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఎనిమిదింటికి తీసుకెళ్ళారు. రాత్రి బాగా నిద్రపోయాడు. నీ తిట్లు గుర్తుచేసుకున్నాడు. కూర్చో, టీ తాగు" అని వరసగా చెప్పింది. ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చున్నారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరి చేతులూ బిగుసుకునేవి. ఒంటిగంటన్నర అయింది. రెండయింది. రెండున్నరకి డాక్టరు వచ్చి, బాగా జరిగిందన్నాడు.

ఆ భార్య ఆమెని వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, మొగుణ్ణి ఒక తిట్టు తిట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ అప్పుడడిగింది.

"మీవాళ్ళెవరున్నారక్కా లోపల?"

"మా తమ్ముడు. ఇప్పుడిక్కడ లేడు."

"ఇంటికి పంపేశారా? అమ్మయ్య. అదృష్టవంతులు."

కాజాలక్క ఆ మాటకి తల ఊపింది. ఆ పిల్ల సంతోషం మీద తన కబురు వేయబుద్ధి కాలేదు. "జాగ్రత్తగా చూసుకో" అని సంచి భుజాన వేసుకుంది.

బండిలో చోటు దొరికింది. ఊరి చివరి ఇళ్ళు వెనక్కి పోతుండగా, అతను బతికాడు అనుకుంది. ఎవరో తెలియని మనిషి, అదే పడక, అదే గది, అదే ఎనిమిదింటికి లోపలికెళ్ళాడు, బతికాడు. మంచిదే అనుకుంది. మంచిదే అని పైకి కూడా అంది. ఆ మాట పూర్తి కాలేదు. తమ్ముడు పోయిన రోజున రాని ఏడుపు, పదిమంది మధ్య రాని ఏడుపు, రైలు పెట్టెలో అందరి ముందూ ఒక్కసారిగా వచ్చేసింది. సంచి మొహానికి అడ్డం పెట్టుకుంది గాని ఆపలేకపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏమైందని అడగలేదు. లేచి, కిటికీ పక్క తన చోటు ఆమెకిచ్చి, తను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.